సూర్యుణ్ణి జరిపిన ఊరు

లిడియా టీచరు ఆ ఊరి హైస్కూల్లో చేరిన ఏడాది పత్తికి పచ్చపురుగు పట్టింది. పర్చూరులో ఎక్కిన ఆటో దిగి బడికి నడుస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా మందు వాసన. ఆ వాసన పిల్లల చొక్కాలకి పట్టి క్లాసులోకి కూడా వచ్చేది. వారానికో ఇంట్లో ఎవరో ఒక రైతు ఆ మందే తాగాడన్న కబురు వినపడేది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది ప్రాంతం మాట ఇది.

ఆమె పుట్టింది ఒంగోలు అవతల ఒక పల్లెలో. తండ్రి యేసుపాదం పొగాకుని సెగకి ఆరబెట్టే బ్యారన్లో రాత్రీ పగలూ మంట కనిపెట్టుకుని ఉండేవాడు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, బీఈడీ చేసి, డీఎస్సీలో సైన్సు టీచరు ఉద్యోగం కొట్టింది. చేరిన కొత్తలో ఊళ్ళో అద్దెకి ఇల్లు అడిగింది. "మీరేమిట్లండీ?" అన్నారు. కులం చెప్పింది. ఇల్లు ఖాళీ లేదన్నారు. ఊరి బయట తనవాళ్ళుండే పల్లెలో అడిగితే, అద్దెకివ్వడానికి అక్కడ ఎవరికీ రెండో గది లేదు. అందుకని పర్చూరులో గది తీసుకుని రోజూ వచ్చిపోయేది.

బడి ఊరికి పడమటి కొసన ఉంది. గేటు నుంచి తూర్పుకి పోతే రామాలయం, బజారు, పంచాయతీ ఆఫీసు. పడమరకి పోతే ముందు నాగేంద్రబాబు కొత్తగా కట్టించిన మేడ, అది దాటాక మురుగుకాలువ మీద తూము, తూము అవతల పల్లె. నాగేంద్రబాబు స్కూలు కమిటీ చైర్మన్. డిగ్రీ చదివి వ్యవసాయంలోకి దిగినవాడు. బడికి ప్రహరీ కట్టించింది ఆయనే. ఆయన కూతురు భవ్య తొమ్మిదో తరగతి. కాన్వెంటుకి పంపమని ఇంట్లో పోరినా, మనం కట్టించిన బడికి మన పిల్లని పంపకపోతే ఎట్లా అని ఆయనే ఇక్కడ చేర్పించాడు.

ఒకరోజు గ్రహాల పాఠం చెబుతుంటే భవ్య లేచి నిలబడింది.

"టీచర్, శుక్రుడు మన పక్కనే ఉన్నాడు. లావు కూడా దాదాపు మనంతే ఉంది. మరి అక్కడ ఎవరూ ఎందుకు లేరు?"

పుస్తకంలో బొమ్మ చూస్తే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. తొమ్మిది గ్రహాలూ దండకి గుచ్చిన పూసల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. లిడియా పుస్తకం పైకెత్తి పిల్లలకి చూపించింది. "ఈ బొమ్మ అబద్ధం చెబుతోందమ్మా. నిజమెట్లా ఉంటుందో రోడ్డు మీద కొలిచి చూద్దాం" అంది.

లెక్క కట్టింది. పదివేల కిలోమీటర్లు ఒక సెంటీమీటరు అనుకుంటే సూర్యుడు ఛాతీ ఎత్తున్న చక్రమవుతాడు, భూమి గోళీ అంత అవుతుంది. శుక్రుడూ గోళీయే. అంగారకుడు బటాణీ గింజ, బుధుడు మిరియం. చక్రం నుంచి భూమికి నూట యాభై మీటర్ల దూరం. తరగతి గదిలో పట్టే వ్యవహారం కాదు, వీధిలోకి పోవాల్సిందే.

హెడ్మాస్టరు యలమందయ్య మరో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. చెడ్డవాడు కాడు. ఆమె చెప్పిందంతా విని, "మంచి ఆలోచనమ్మా" అన్నాడు. బజారు వైపు పెడతానంటే మాత్రం ముఖం చిట్లించాడు.

"తూర్పుకి వద్దు. రామాలయం ముందు మేకులు కొట్టడం, అన్ని ఇళ్ళ పిల్లలూ గుంపుగా తిరగడం... ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. పడమరకి పొండి. అటైతే ఏ గొడవా ఉండదు."

అన్ని ఇళ్ళ పిల్లలంటే ఏ ఇళ్ళ పిల్లలో లిడియాకి తెలుసు. తెలిసినట్టు కనపడకుండా తలూపింది. ఉద్యోగంలో చేరాక ఆమె బాగా నేర్చుకున్న పని అది.

గేటు పక్కన ప్రహరీ మీద పిల్లలు పసుపుపచ్చ రంగుతో సూర్యుణ్ణి వేశారు. టేపు ఒక కొస భవ్య పట్టుకుంది, రెండో కొస పల్లె నుంచి వచ్చే రూతమ్మ పట్టుకుంది. మేకు తల మీద జిగురుతో మిరియాన్ని అంటించి రోడ్డు వారన కొట్టారు. తర్వాత శుక్రుడు. ఆ గోళీ సరిగ్గా నాగేంద్రబాబు గేటు ముందు పడింది. "మా ఇంటి దగ్గరే! మా ఇంటి దగ్గరే!" అని భవ్య గంతులేసింది. అక్కణ్ణించి టేపు తూము దాటింది. భూమి వచ్చి పల్లె చేతిపంపు దగ్గర ఆగింది.

నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు దించి చూస్తున్నారు. అందులో ఎలీసమ్మ నోరున్న మనిషి.

"మా పంపుకాడ ఏం పాతుతున్నారమ్మా?"

"భూమినమ్మా, ఎలీసమ్మా."

"అదేంది! సెంటు భూమి లేనోళ్ళం. ఇన్నాళ్ళకి మాకూ ఇస్తున్నారా?"

పంపు చుట్టూ ఒకటే నవ్వులు. ఆ పూట లిడియాకి ప్రాణం హాయిగా ఉంది. రోడ్డుకి అడ్డంగా సున్నంతో రెండు గీతలు గీయించింది. మొదటి గీత తూము మీద పడింది, రెండోది పల్లె చివర చర్చి దాటాక. బ్యారన్ లోపల చూశారు గదా, గొట్టాలకి దగ్గరున్న ఆకు మాడుతుంది, సెగ తగలని ఆకు పచ్చిగానే ఉండిపోతుంది అని మొదలుపెట్టి చెప్పింది. ఈ గీతకి ఇవతల సూర్యుడి వేడికి నీళ్ళు ఆవిరైపోతాయి. ఆ గీతకి అవతల గడ్డకడతాయి. నడుమ ఉన్న ఈ కాస్త మేరలోనే నీళ్ళు నీళ్ళుగా నిలుస్తాయి. నీళ్ళు నిలిచే చోటే ప్రాణం నిలవడానికి వీలు. ఇంకెక్కడైనా, ఇంకో నక్షత్రం చుట్టూ ప్రాణం ఉందేమో వెతకాలన్నా ముందు ఈ మేరలోనే వెతుకుతారు. శుక్రుడి మీద గాలే దుప్పటిలా కప్పేసి వేడిని బయటికి పోనివ్వదు. అక్కడ సీసం కూడా కరిగిపోతుంది.

రూతమ్మ రెండు గీతల్నీ మార్చి మార్చి చూసింది.

"అయితే మా పల్లె మొత్తం ఇందులోనే ఉంది టీచర్!"

లిడియా నవ్వింది. ఆ నవ్వు పాఠం అర్థమైనందుకు వచ్చిందా, ఇంకెందుకైనా వచ్చిందా అని తర్వాతి రోజుల్లో చాలాసార్లు తనని తాను ప్రశ్నించుకుంది.

ఒంగోలు నుంచి అధికారులొచ్చి చూసి మెచ్చుకున్నారు. హెడ్మాస్టరు వాళ్ళని వెంటబెట్టుకుని నెప్ట్యూను దాకా, అంటే పత్తి చేల మధ్య జీపులో చాలాదూరం, తిప్పుకొచ్చాడు. నాగేంద్రబాబు వాళ్ళకి కాఫీలిచ్చాడు.

మంట మొదలైంది భవ్య నానమ్మ పిచ్చమ్మ దగ్గర. మనవరాలు సంబరంగా చెప్పిన మాటల్లో ఆమె చెవికెక్కింది రెండు ముక్కలే. గుమ్మం ముందు పాతినదాని మీద సీసం కరుగుతుందని ఒకటి, తూము అవతలైతే సుఖంగా బతకొచ్చని ఒకటి. "పాలు పొంగించి ఏడాది కాలేదు. నా కొడుకు వాకిట్లో నరకం పాతిపోయిందా ఆ టీచరమ్మ!" అని వీధరుగు మీద కూర్చుని పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ చెప్పింది. నాగేంద్రబాబు మొదట నవ్వి ఊరుకున్నాడు. ఊరు ఊరుకోలేదు.

ఎలీసమ్మ కొడుకు బుల్లయ్య పాతికేళ్ళవాడు. నాగేంద్రబాబు పత్తికి మందు కొట్టేది అతనే. ఒకనాటి పొద్దున టీకొట్టు దగ్గర, పక్కన పదిమంది ఉండగా, నాగేంద్రబాబు అన్నకొడుకు వీరబాబుతో వేళాకోళమాడాడు.

"ఏం వీరబాబుగారూ, మీ ఇంటికాడ సీసం కరుగుద్దంటగా! కాస్త మా పల్లెకొచ్చి కూర్చోండి, చల్లగా ఉంటది."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఊరివాళ్ళూ ఉన్నారు. వీరబాబుకి అదే తలకొట్టేసినట్టయింది. సాయంత్రం మిరపకాయల కల్లంలో నలుగురు కలిసి బుల్లయ్యని పట్టుకున్నారు. బండి గూటంతో కొట్టారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఎండబోసిన కాయల మీద పడేసి తొక్కితే ఆ ఘాటుకి రెండు రోజులు కళ్ళు తెరవలేదు.

పల్లె అట్టుడికిపోయింది. అట్రాసిటీ కేసు పెట్టాల్సిందేనని మగవాళ్ళంతా స్టేషన్‌కి పోయారు. ఎస్సై కాయితం తీసుకుని బల్ల మీద పెట్టి, రేపు రండన్నాడు. ఆ రేపు వచ్చేలోపే బడిలో మీటింగు పెట్టారు. నాగేంద్రబాబు, నలుగురు పెద్దలు, హెడ్మాస్టరు కూర్చున్నారు. లిడియాని పిలిచి కుర్చీ వేశారు.

నాగేంద్రబాబు గొంతు పెంచలేదు.

"లిడియా గారూ, మావాడు చేసింది తప్పే, కాదనను. ఆస్పత్రి సంగతి నేను చూసుకుంటా. కానీ చిచ్చు పెట్టిందెవరు? మమ్మల్ని సూర్యుడి పొయ్యిలో పడేసి మీవాళ్ళని చల్లగా కూర్చోబెట్టారు. పిల్లలకి చెప్పే పాఠమా ఇది?"

"కొలత ఎక్కడ పడితే అక్కడ పెట్టామండీ. నేను బజారు వైపు పెడతానన్నాను. పడమరకి పొమ్మన్నది..." అని ఆమె హెడ్మాస్టరు వైపు చూసింది.

యలమందయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎవరేమన్నారన్నది ఇప్పుడెందుకులెండి" అన్నాడు పెద్దల్లో ఒకాయన. "బళ్ళో కులాలు రెచ్చగొడుతోందనీ, మతం బోధిస్తోందనీ పైకి అర్జీ పోతే మీ ఉద్యోగం ఏమవుద్దో ఆలోచించుకోండి."

పాము చావకుండా కర్ర విరగకుండా చూడటంలో యలమందయ్య ముప్పై ఏళ్ళుగా చెయ్యి తిరిగినవాడు. అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఒక ఉపాయం ఉందమ్మా. సూర్యుణ్ణి ప్రహరీ తూర్పు కొసకి జరుపుదాం. అప్పుడు భూమి సరిగ్గా బాబుగారి గేటు ముందుకొస్తుంది. నేను కొలిపించాను. గ్రహాల మధ్య దూరాలేవీ మారవు. శాస్త్రానికి లోటేముంది చెప్పు?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. సూర్యుడు గోడకి ఈ కొసనున్నా ఆ కొసనున్నా పాఠం పాఠమే. నిజంతోనే తన నోరు మూయించవచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తీసేయమనలేదు గదా, జరపమన్నారు, పిల్లలకి పాఠమైనా మిగులుతుంది అనుకుంది. ఊళ్ళో గొడవ చల్లారుతుంది అనుకుంది. ఉద్యోగం పోతే ఇంటి దగ్గర తండ్రికి ఏం చెప్పాలి అని కూడా అనుకుంది. సరేనంది.

మర్నాడు ఉలీ సుత్తీ పట్టుకుని తనే పోయింది. పిల్లల చేత చేయించడానికి మనసొప్పలేదు. చేతిపంపు దగ్గర మేకు పీకుతుంటే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. ఎలీసమ్మ ఆస్పత్రిలో కొడుకు దగ్గర ఉంది. ఆనాడు నవ్వినవాళ్ళే పంపు కొట్టడం ఆపేశారు. భూమిగా పెట్టిన నీలం గోళీ నాగేంద్రబాబు గేటు ముందుకు పోయింది. చర్చి అవతల శ్మశానం దగ్గరున్న బటాణీ గింజ, అంటే అంగారకుడు, ఇంగ్లీషులో మార్స్, చర్చి గుమ్మం ముందుకొచ్చింది. సున్నం గీతల్ని చీపురుతో ఊడ్చేసింది. మళ్ళీ గీయలేదు. గీస్తే రెండో గీత పల్లెని నడిమికి కోసేది.

వారం తిరగకుండా క్లాసులో ఎవడో అన్నాడు, "మార్సోళ్ళు వచ్చార్రోయ్" అని. పల్లె పిల్లలు తలుపు దాటి లోపలికి వస్తున్నారప్పుడు. ప్రాణం ఉండని చోట ఉండేవాళ్ళు అని వాడి ఉద్దేశం. పాఠం బాగానే విన్నాడు. లిడియా వాణ్ణి బెంచీ ఎక్కించింది. రెండోసారి అన్నవాణ్ణి కొట్టింది. బళ్ళో ఆగితే బయట అన్నారు. మిరపకాయల కోతల్లో మేస్త్రీలు అన్నారు, బస్సు దగ్గర అన్నారు. రూతమ్మ బడికి రావడం మానేసింది, కోతలకి పోతోందన్నారు. భవ్యని గుంటూరులో రెసిడెన్షియల్ కాలేజీ వాళ్ళు నడిపే స్కూలుకి పంపేశారు. వెళ్ళే ముందు ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరకొచ్చి, "నేను అలా అవుతుందనుకోలేదు టీచర్" అంది. "నువ్వేం చేశావమ్మా, అడగాల్సింది అడిగావు" అంది లిడియా. ఆ వేసవిలో పరిపాలనా కారణాలంటూ ఆమెను చీమకుర్తి వైపు బదిలీ చేశారు. బుల్లయ్య కేసు కూడా రాజీ అయిందని విన్నది. పల్లెవాళ్ళే వద్దనుకున్నారన్నారు.

చీమకుర్తి దగ్గర బడి క్వారీల మధ్య ఉంది. బల్లలు తుడిచిన గంటకే మళ్ళీ తెల్లటి రాతిపొడి. బండరాళ్ళ లారీలు పోతుంటే తలుపులు గడగడలాడేవి. తరగతిలో సగం మంది ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చినవాళ్ళ పిల్లలు. గ్రహాల పాఠం వచ్చినప్పుడల్లా లిడియా పుస్తకం తెరిచి, "బొమ్మ చూడండి" అనేది. బొమ్మ అదే, పూసల దండ. ఆ బొమ్మ అబద్ధమని చెప్పడం మానేసింది.

రెండువేల ఏడు వేసవిలో, ఎక్కడో ఒక నక్షత్రం చుట్టూ నీళ్ళు నిలవడానికి వీలున్న గ్రహం కనపడిందేమోనని పేపర్లో వచ్చింది. తోటి టీచరు షాజాదీ ఆ పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, పిల్లలకి ఇది చేసి చూపిద్దాం. మనకేమన్నా రాళ్ళకి కరువా? నున్నటి గ్రానైట్ గుండ్లు చేయించి రోడ్డు పొడుగూ పెడదాం."

"నువ్వు చెయ్యి షాజాదీ. నావల్ల కాదు."

"ఎందుకక్కా?"

"గ్రహాలు పెట్టడం తేలికే. వాటి పక్కన ఎవరి ఇల్లుంటుందో చూసుకోవడమే కష్టం" అంది లిడియా. షాజాదీకి అర్థం కాలేదు.

బళ్ళు తెరిచిన రోజుల్లో ఒకతను కూతుర్ని చేర్పించడానికి వచ్చాడు. ఎడంచేత్తో వేలిముద్ర వేస్తుంటే లిడియా తలెత్తి చూసింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరపోయి ఉంది. బుల్లయ్య. కోతలకీ మందుకొట్టడానికీ చెయ్యి పనికిరాక, గ్రానైట్ కటింగ్ యూనిట్లో వాచ్‌మన్‌గా కుదిరాడట. ఎలీసమ్మ పోయిందని చెప్పాడు. లిడియా టీ తెప్పించింది. తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఆమె ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. సూర్యుణ్ణి ఎందుకు జరిపారమ్మా?"

"కేసు ఎట్లాగూ నిలవదన్నారు బుల్లయ్యా. గొడవ పెద్దది కాకుండా..."

"కేసు అప్పుడింకా పోలేదమ్మా. ఎస్సై కేసు రాయకపోతే ఒంగోలు ఎస్పీ దగ్గరికి పోదామని లారీ కూడా మాట్టాడుకున్నారు మావోళ్ళు. మీరొచ్చి పంపుకాడ మేకు పీకిన రోజే మా పెద్దోళ్ళు చల్లబడ్డారు. 'చదువుకున్న టీచరమ్మే సర్దుకుంది, మనమెంత' అన్నారు. మా అమ్మ ఒక్కతే పోట్టాడింది. నా చెయ్యి ఇరిగినందుకు నాకు బాధ లేదు. ఊరికే ఇరిగిందే అని, అదీ బాధ."

అతను కోపంగా అనలేదు. అందువల్ల ఆమెకు తప్పించుకునే దారి లేకపోయింది. ఏదో చెప్పింది. లారీ పోతున్న మోతలో అది అతనికి వినపడిందో లేదో తెలియదు. "పిల్ల జాగర్తమ్మా" అని లేచి పోయాడు. ఆ ఏడాదంతా ఆ పిల్ల ముందు బెంచీలో కూర్చుంటే లిడియా బోర్డు వైపు తిరిగే ఎక్కువసేపు పాఠం చెప్పింది.

మరుసటేడు బదిలీల కౌన్సెలింగులో ఆమెకు మంచి సీనియారిటీ ఉంది. ఒంగోలు పక్కనే ఖాళీలున్నాయి. ఆమె పాత ఊరు కోరుకుంది. "అది అడిగేవాళ్ళు లేరు మేడం, మీరెందుకు?" అన్నాడు గుమాస్తా. అక్కడికి పోయి ఏం చేద్దామనుకుందో ఆమెకే స్పష్టంగా తెలియదు. మేకు పీకిన చోట మేకు కొట్టాలని మాత్రం ఉంది.

యలమందయ్య రిటైరై ఎప్పుడో వెళ్ళిపోయాడు. ప్రహరీ మీద సూర్యుడు లేడు. ఆ చోట రెండు పార్టీల గుర్తులు ఒకదాని మీదొకటి వేసి ఉన్నాయి. రోడ్డు సిమెంటుది వేశారు, మేకులన్నీ దాని కింద పోయాయి. నాగేంద్రబాబు మేడకి తాళం వేసి గుంటూరులో ఉంటున్నాడు. గోళీల సంగతి కానీ, కొలతల సంగతి కానీ గుర్తున్నవాళ్ళు ఊళ్ళో కనపడలేదు. ఒక్క పేరు మాత్రం బతికి ఉంది. ఆటోవాడు తూము దగ్గర బండి ఆపి, "మార్స్ పల్లె, దిగేవాళ్ళు దిగండి" అన్నాడు. ఇద్దరు ముసలమ్మలు మామూలుగా దిగిపోయారు.

మొదటిరోజు క్లాసులో ఒక్కొక్కరినీ పేరూ, ఇల్లూ అడిగింది. మూడో బెంచీలో నాగజ్యోతి అనే పిల్ల చటుక్కున లేచి, "మార్స్ పల్లె, టీచర్" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల ముఖంలో సిగ్గేమీ లేదు.

లిడియా సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నదాన్ని అప్పుడే చెప్పేయాలనిపించింది. చెప్పింది. ఆ పేరు ఎట్లా వచ్చిందో, ఎవరు ఎందుకు పెట్టారో, ఒక మనిషి చెయ్యి ఎట్లా విరిగిందో, సూర్యుణ్ణి ఎవరు జరపమన్నారో, జరిపిందెవరో. "నేనే జరిపాను" అని చెప్పింది. "ఆ పేరుతో పిలిస్తే మీరు పలకొద్దు" అంది.

పిల్లలు కథ విన్నట్టు విన్నారు. నాగజ్యోతి ఇంకా నిలబడే ఉంది.

"మరి అంతకుముందు మా పల్లెని ఏమని పిలిచేవాళ్ళు టీచర్?"

ఆ రోజుల్లో ఊరంతా పిలిచిన పేరూ, రెవెన్యూ కాయితాల్లో రాసిన పేరూ ఒకటే. అది కులం పేరు.

"మన కులం పేరు పెట్టి, చివర పల్లె అనేవాళ్ళు" అంది లిడియా.

"దానికంటే ఇదే నయం గదా టీచర్" అని నాగజ్యోతి కూర్చుంది.

లిడియా సుద్దముక్క తీసుకుని తర్వాతి పిల్లాడి పేరు అడిగింది.